కాలు విరిగిన కేసుకి ఎంత వస్తుంది?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మా వారు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కార్ల టింకరింగ్ పని చేస్తారు. మూడు నెలల కిందట రాత్రి కానూరులో బంధువుల ఇంటికి వెళ్లి బండి మీద తిరిగొస్తుంటే, బందరు రోడ్డులో యూటర్న్ తీసుకుంటున్న కారు పక్క నుంచి గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆస్పత్రికి, మందులకి కలిపి 2,80,000 రూపాయలు అయ్యాయి. ఆయన స్నేహితుడు పోలీసు కేసంటే వైద్యం ఆలస్యమవుతుందని భయపడి, క్యాజువాలిటీలో ‘బండి స్కిడ్ అయ్యి పడ్డాడు’ అని చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత కంప్లయింట్ ఇచ్చాం. కారు నంబరు రోడ్డు పక్కన టీకొట్టు ఆయన చూసి రాసిపెట్టాడు. ఇప్పుడొక ఏజెంటు వచ్చి 25 లక్షలు ఇప్పిస్తా, 30 శాతం నాకివ్వాలి అంటున్నాడు. ఇన్సూరెన్స్ తరఫు మనిషి నాలుగు లక్షలకి సంతకం పెట్టమంటున్నాడు. మా వీధిలో ఒకాయనకి ఇలాగే కాలు విరిగితే 18 లక్షలు వచ్చాయట, మా పిన్ని కొడుక్కి మూడు లక్షలే వచ్చాయి. మా వారు హెల్మెట్ పెట్టుకోలేదు, లైసెన్సు గడువు కూడా అయిపోయింది. ఆధార్‌లో వయసు 41, పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం 38. అసలు మా కేసు విలువ ఎంత? కారు నడిపిన ఓనరు గారబ్బాయికి లైసెన్సు లేదని కూడా విన్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందు ఆ నాలుగు లక్షల కాగితం మీద సంతకం పెట్టకండి. ఏజెంటుకి కూడా ఏమీ రాసివ్వకండి. ఇద్దరిలో ఎవరి మాటా ఈరోజే తేల్చి చెప్పాల్సిన అవసరం మీకు లేదు. ఎందుకో చెబుతాను.

విరిగిన కాలికి ఇంత అని చట్టంలో రేటు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ‘న్యాయమైన పరిహారం’ ఇమ్మని మాత్రమే ప్రమాద పరిహారం కేసులు తేల్చే ట్రిబ్యునల్‌కి చెబుతుంది. ఆ న్యాయమైనది ఎంత అన్నది సుప్రీంకోర్టు తీర్పుల ద్వారా ఒక లెక్కగా స్థిరపడింది. ఆ లెక్కలో కాలు ఎన్ని ముక్కలైందన్నది చిన్న అంశం. ఆ కాలితో బతుకుతున్న మనిషి వయసెంత, సంపాదనెంత, ఇకముందు ఆ పని ఎంతవరకు చేయగలడు అన్నవే అసలు అంశాలు. అందుకే మీ వీధిలో ఆయనకి 18, మీ పిన్ని కొడుక్కి మూడు. ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే ఒకేలా ఉండవచ్చు. ఈసారి కలిసినప్పుడు వాళ్లను అడగాల్సింది ఎంత వచ్చిందని కాదు, జడ్జిగారు మీ సంపాదన ఎంతని లెక్కలోకి తీసుకున్నారు, వైకల్యం ఎంత శాతం వేశారు అని. తీర్పు కాపీలో రెండూ ఉంటాయి.

ఇక మీ లెక్క. పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం మీ వారికి 38. మీరు సంపాదన రాయలేదు. టింకరింగ్ మేస్త్రి కాబట్టి ఉదాహరణకి నెలకి 18,000 అనుకుందాం. సొంత పని చేసుకునేవాళ్లకీ, పర్మినెంట్ ఉద్యోగం కానివాళ్లకీ 40 ఏళ్లలోపైతే భవిష్యత్తులో సంపాదన పెరుగుతుందన్న లెక్కన 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇది మరణాలకే కాదు, శాశ్వత వైకల్యం మిగిలిన కేసులకీ వర్తిస్తుందని తర్వాతి తీర్పుల్లో స్పష్టం చేశారు. అలా 18,000 కాస్తా 25,200 అవుతుంది. ఏడాదికి 3,02,400. సంపాదించే శక్తిలో 20 శాతం పోయిందని ట్రిబ్యునల్ నమ్మితే ఏడాది నష్టం 60,480. దీన్ని వయసును బట్టి ఒక మల్టిప్లయర్‌తో గుణిస్తారు. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 36 నుంచి 40 ఏళ్ల వారికి అది 15. మొత్తం 9,07,200. మరణం కేసుల్లోలాగా సొంత ఖర్చుల కింద మూడో వంతు కోయడం గాయాల కేసుల్లో ఉండదు. మనిషి బతికే ఉన్నాడు, తింటూనే ఉన్నాడు కదా.

దీనికి ఆస్పత్రి బిల్లులు 2,80,000 కలపండి. పనిలోకి వెళ్లలేని నెలల జీతం కలపండి. ఆరు నెలలైతే 1,08,000. ఆ మీదట రాడ్డు తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాలంటే దాని ఖర్చు, ఆటో ఛార్జీలు, మంచి తిండికైన ఖర్చు, పక్కన ఉండి చూసుకున్న మనిషి శ్రమ, నొప్పికీ బాధకీ ఒక మొత్తం, మునుపటిలా నడవలేకపోవడానికి ఇంకో మొత్తం. పక్కన ఉన్నది భార్యే కదా అని ఆ శ్రమకి విలువ లేకుండా పోదు. మీరు కుట్టుపనో ఇంకేదో మానుకుని ఆయన్ని చూసుకుంటుంటే అది పిటిషన్‌లో రాయించండి. తీర్పు మొత్తం మీద పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ కూడా వస్తుంది. మామూలుగా ఆరు నుంచి తొమ్మిది శాతం మధ్య వేస్తుంటారు.

అంటే పై అంకెలన్నీ రుజువైతే 13 లక్షలు దాటుతుంది. ఏజెంటు చెప్పిన 25 గాలిలో నుంచి వచ్చిన అంకె. ఇన్సూరెన్స్ మనిషి చెప్పిన నాలుగు మీ అవసరం చూసి చెప్పిన అంకె. అయితే ‘రుజువైతే’ అన్న ఆ ఒక్క మాట దగ్గరే అసలు పని అంతా ఉంది. అదే కాలు, అదే మనిషి, కానీ సంపాదనకి కాగితం లేక ట్రిబ్యునల్ నెలకి 10,000 మాత్రమే తీసుకుందనుకోండి. 9,07,200 రావాల్సిన చోట 5,04,000 వస్తుంది. సంపాదన 18,000 ఒప్పుకుని నష్టం 10 శాతమే అన్నారనుకోండి, 4,53,600. అదే 30 శాతం అంటే 13,60,800.

కాబట్టి మొదట సంపాదన. షెడ్డు ఓనరు దగ్గర నుంచి జీతం సర్టిఫికెట్ తెచ్చి ఇస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. పైగా ఎలాగూ తగ్గిస్తారని 18,000 బదులు 35,000 రాయించుకుంటారు. నేను ఈ కోర్టుల్లో ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. ఆ ఓనరు బోనెక్కుతాడు. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఒక్కొక్కటే అడుగుతాడు: ‘షెడ్డులో ఎంతమంది పనివాళ్లు? జీతాల రిజిస్టరు తెచ్చారా? జీఎస్టీ నంబరు ఉందా? 35,000 నోట్లుగా ఇచ్చారా, బ్యాంకులో వేశారా? మీ సొంత ఆదాయం ఎంత చూపించారు?’ మూడో ప్రశ్నకే పాపం ఆయనకి చెమటలు పడతాయి. అప్పుడు 35,000 పోవడమే కాదు, నిజమైన 18,000 కూడా నమ్మకం కోల్పోతుంది. జడ్జిగారు కూలి రేటు చూసి ఏదో ఒక అంకె వేసేస్తారు.

దానికంటే మీ వారి బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, ప్రమాదానికి ముందు ఏడాదిది, తీయించండి. ఆటోనగర్‌లో ఇప్పుడు వారం డబ్బులు చాలామంది ఫోన్‌పేలోనే వేస్తున్నారు. శనివారం శనివారం నాలుగు వేలో నాలుగున్నర వేలో పడుతూ వచ్చిన ఆ వరుసే గట్టి సాక్ష్యం. నోట్లుగా ఇచ్చిన వారాలుంటే ఓనరు దగ్గర చిన్న లెక్కల పుస్తకం ఉంటుంది, నూనె మరకలతో సహా అదే పట్టుకురమ్మనండి. కొత్తగా రాసిన శుభ్రమైన పుస్తకం వద్దు. ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే పెట్టండి, నైపుణ్యం ఉన్న పనివాడని తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను వేయలేదని బాధపడి ఇప్పుడు హడావుడిగా వేయకండి. ప్రమాదం తర్వాత వేసిన రిటర్నుని ఏ ట్రిబ్యునలూ తేలిగ్గా నమ్మదు.

రెండోది వైకల్యం శాతం. ఇక్కడ జనం బాగా మోసపోతారు, ఎవరూ మోసం చేయకుండానే. డాక్టరు ‘45 శాతం’ అని రాస్తే ఆదాయంలో 45 శాతం ఇస్తారనుకుంటారు. ఆ 45 ఆ ఒక్క కాలికి సంబంధించినది. మొత్తం ఒంటికి లెక్క వేస్తే తగ్గుతుంది. ఆ తర్వాత అది ఈ మనిషి పనిని ఎంత దెబ్బతీసిందో చూడాలి. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమర్చి చెప్పింది. అందులో బాధితుడు చీజ్ అమ్ముకునే చిరువ్యాపారి. మీ వారిలాగే కాలి ఎముకలు విరిగాయి. డాక్టరు ఎడమకాలికి 45 శాతం వైకల్యం అన్నారు. కోర్టు మాత్రం సంపాదించే శక్తిలో 20 శాతం పోయిందని తీసుకుంది. ఎడమచేయి పోతే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూటికి నూరు శాతం నష్టం, ప్రభుత్వ ఆఫీసు గుమస్తాకి జీతం నష్టమే ఉండకపోవచ్చు అని కూడా ఆ తీర్పులోనే ఉంది. నేను పైన 20 శాతం వేసింది ఈ కేసు చూసే.

అయితే మీ వారు చీజ్ వ్యాపారి కాదు. టింకరింగ్ అంటే గొంతుకూర్చుని గంటల తరబడి డోరు కింద సొట్ట తీయాలి, కారు కింద పడుకుని మోకాలు మడిచి సుత్తి కొట్టాలి, గ్యాస్ సిలిండరు జరపాలి. మోకాలు పూర్తిగా మడవలేకపోతే, చీలమండ బిగుసుకుపోతే ఆ పనిలో సగం చేయలేరు. కాబట్టి 20 కంటే ఎక్కువ అడగడానికి మీకు దారి ఉంది. కానీ అది మీ వకీలు వాదనలో చెబితే చాలదు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు సాక్ష్యంలో ‘మోకాలు ఇన్ని డిగ్రీలే మడుస్తున్నాడు, గొంతుకూర్చోలేడు, బరువు మోయలేడు’ అని చెప్పాలి. తర్వాత షెడ్డు ఓనరు ‘ఈ పని గొంతుకూర్చుని చేసేదే, ఇప్పుడు ఇతనికి పెయింటు రుద్దే చిన్న పని ఇచ్చాను, వారానికి ఇంత ఇస్తున్నాను’ అని చెప్పాలి. ఇప్పటి సంపాదన ఎంతో అది కూడా దాచకుండా చెప్పండి. పూర్తిగా మంచాన పడ్డాడని రాసి, ఆయన షెడ్డులో నిలబడి ఉన్న ఫోటో అవతలివాళ్లు తెస్తే మొత్తం కేసు మీద నీలినీడ పడుతుంది.

సర్టిఫికెట్ కోసం ఇప్పుడే పరుగెత్తకండి. ఎముక పూర్తిగా అతుక్కుని, ఫిజియోథెరపీ ఒక దారికి వచ్చాకే మిగిలిన వైకల్యం ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత ప్రభుత్వ ఆస్పత్రి మెడికల్ బోర్డు దగ్గర పరీక్ష చేయించండి. పింఛను కోసం ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటే దాఖలు చేయవచ్చు గానీ, ట్రిబ్యునల్ ముందు డాక్టరు వచ్చి వివరిస్తేనే ఆ శాతానికి బరువు. ఇందుకోసం కేసు ఆపాల్సిన పనేమీ లేదు. పిటిషన్ ముందు వేసి, సర్టిఫికెట్ తర్వాత పెట్టవచ్చు.

వేయడం మాత్రం ఆలస్యం చేయకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మీకు మూడు నెలలు అయిపోయాయి. ఒకప్పుడు ఏళ్ల తర్వాత వేసినా నడిచేది, ఆ ధీమాతో ఉండవద్దు. మీరు ఉండేది విజయవాడ కాబట్టి ఇక్కడి సివిల్ కోర్టుల్లోని ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. ఈ సంగతి గుంటూరు, నరసరావుపేట వైపు నుంచి రాసే పాఠకులకి కూడా చెబుతున్నాను: ప్రమాదం ఏ ఊళ్లో జరిగినా మీరు నివసించే చోట ట్రిబ్యునల్‌కి వెళ్లే హక్కు మీకుంది. ఎక్కడో హైవే మీద జరిగిందని అక్కడికి వాయిదాలకి తిరగక్కర్లేదు.

వయసు సంగతి. 38, 41 మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది. 41 అయితే కలిపేది 40 శాతం కాదు, 25 శాతం. మల్టిప్లయర్ 15 కాదు, 14. పైన చెప్పిన 9,07,200 కాస్తా 7,56,000 అవుతుంది. మూడేళ్లకి లక్షన్నర. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్‌కే విలువ ఇవ్వాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రమాద పరిహారం కేసులోనే చెప్పింది. కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ జాగ్రత్త. అయితే ఆస్పత్రి కేస్‌షీట్‌లో, ఎఫ్‌ఐఆర్‌లో 41 అని పడి ఉంటుంది, దాని మీద ప్రశ్న వస్తుందని మీ వకీలుకి ముందే చెప్పండి.

హెల్మెట్ గురించి మీరు అనవసరంగా భయపడుతున్నారు. పెట్టుకోకపోవడం తప్పే, దానికి చలానా వేరు. కానీ విరిగింది కాలు. తలకి దెబ్బ తగిలి ఉంటే హెల్మెట్ ఉంటే తగ్గేదా అన్న చర్చ వచ్చేది. హెల్మెట్ పెట్టుకుంటే మోకాలి కింద ఎముక విరగకుండా ఉండేదా? లైసెన్సు గడువు కూడా అంతే. లైసెన్సు లేకపోవడం వల్లనే బండి నడిపినవాడి నిర్లక్ష్యం ఉన్నట్టు కాదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ వకీలు ఈ రెండూ తప్పకుండా అడుగుతాడు, మీ వారు ‘పెట్టుకోలేదు, గడువు అయిపోయింది’ అని నిజం చెప్పేస్తే సరిపోతుంది. అసలు చూడాల్సింది ఆయన ఏ వైపు నుంచి వస్తున్నారన్నది. రాంగ్ రూట్‌లో వచ్చి ఉంటే ఆయన తప్పు ఇంత శాతమని తేల్చి, మొత్తంలో అంత కోస్తారు. నాలుగో వంతు తప్పంటే 13 లక్షల్లో మూడుంపావు పోతాయి. బందరు రోడ్డులో యూటర్న్ దూరమని ఎదురు రావడం మనకి అలవాటే కదా, ఆ రోజు ఏం జరిగిందో ఆయన్ని ఒకసారి కచ్చితంగా అడగండి. పోలీసులు గీసిన ఘటనా స్థలం రఫ్ స్కెచ్ కాపీ తీసుకుని దానితో పోల్చి చూడండి.

నాకు నిజంగా ఆందోళన కలిగించింది హెల్మెట్ కాదు, ఆ ‘స్కిడ్’ అన్న మాట. స్నేహితుడు మంచికే చెప్పాడు. కానీ క్యాజువాలిటీ రిజిస్టరులో ఆ మాట ఎక్కి ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. కేస్‌షీట్ తెప్పించి, ‘బండి మీద నుంచి తనే పడ్డాడు, నాలుగు రోజులు ఆలోచించుకుని ఇన్సూరెన్స్ ఉన్న కారు నంబరు పట్టుకొచ్చారు’ అంటారు. ఇలాంటి దొంగ కేసులు నిజంగానే ఉన్నాయి కాబట్టి ట్రిబ్యునల్ కూడా ఆ మాటను తేలిగ్గా తీసుకోదు. (నిజానికి ప్రమాదంలో గాయపడిన మనిషికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా వెంటనే వైద్యం చేయాలని చట్టంలో 134వ సెక్షనే ఉంది. ఆ సంగతి క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నిలబడ్డ స్నేహితుడికి ఎలా తెలుస్తుంది?)

దీన్ని సరిచేసే దారి ఉంది, కానీ ఆస్పత్రి వాళ్లని బతిమాలి రికార్డు మార్పించడం మాత్రం ఆ దారి కాదు. దిద్దిన కాగితం దిద్దని కాగితం కంటే ప్రమాదం. ఆ స్నేహితుడే ట్రిబ్యునల్ ముందుకొచ్చి, ‘నేనే అలా చెప్పాను, భయపడి చెప్పాను’ అని ఒప్పుకోవాలి. టీకొట్టు ఆయన సాక్షిగా రావాలి. కారు నంబరు రాసిన ఆ కాగితం ముక్క, సిగరెట్ పెట్టె అట్టైనా సరే, పారేయకుండా పోలీసులకి ఇచ్చారో లేదో కనుక్కోండి. చుట్టుపక్కల షాపుల సీసీ కెమెరా ఫుటేజీ ఈపాటికి చెరిగిపోయి ఉండవచ్చు, పోలీసులు అప్పుడే తీసి ఉంటే చార్జిషీటులో కనిపిస్తుంది. 108లో తీసుకెళ్లి ఉంటే వాళ్ల రికార్డులో కూడా ఏ రకం ప్రమాదమో రాస్తారు. కారుని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పరీక్షించి ఇచ్చిన రిపోర్టులో బంపరు ఎడమ మూల సొట్ట, లైటు పగిలినట్టు ఉంటే మీకు పెద్ద బలం. ఇక్కడ మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది: క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు. ఇలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది అనిపిస్తే ట్రిబ్యునల్‌కి చాలు.

అదే కారణంతో ఇంకో హెచ్చరిక. కారు తరఫువాళ్లు వచ్చి, క్రిమినల్ కేసులో ‘కారు నంబరు సరిగా చూడలేదు’ అని చెప్పండి, యాభై వేలు ఇస్తాం అంటే ఒప్పుకోకండి. ఆ సాక్ష్యం కాపీ తిరిగి మీ పరిహారం కేసులోకే వస్తుంది.

కారు నడిపిన అబ్బాయికి లైసెన్సు లేకపోయినా మీరు కంగారు పడాల్సింది లేదు. కారుకి ఇన్సూరెన్స్ ఉంటే, ముందు కంపెనీ బాధితుడికి చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు నుంచి ట్రిబ్యునళ్లు ఆదేశిస్తూ వస్తున్నాయి. ప్రమాదం రోజున పాలసీ అమల్లో ఉందా లేదా అన్నదే ప్రాణం. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే తెలుస్తుంది, ఈ సాయంత్రమే చూడండి. పాలసీ లేకపోతే పరిహారం ఓనరే కట్టాలి, అప్పుడు ఎంత తీర్పు వచ్చిందన్నదానికంటే ఆయనకి ఆస్తి ఉందా అన్నది ముఖ్యమవుతుంది. మీ వారు బండి మీద ఉన్నారు కాబట్టి కారుకి ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉన్నా సరిపోతుంది. కారు లోపల కూర్చుని దెబ్బతిన్నవాళ్లకి అలా కాదు. సొంత వాడకం కారుకి థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే అందులో ప్రయాణిస్తున్నవారికి కవరేజి రాదు, ప్యాకేజీ పాలసీ ఉండాలి. ప్రీమియంలో నాలుగు డబ్బులు మిగులుతాయని థర్డ్ పార్టీతో సరిపెట్టే కుటుంబాలు ఇది గమనించాలి.

నాలుగు లక్షల ఆఫర్ గురించి. రాజీ చెడ్డదని నేను అనను. వాయిదాలు ఏళ్లకి ఏళ్లు సాగుతాయి, తీర్పు వచ్చాక కంపెనీ హైకోర్టుకి వెళ్లవచ్చు. జాతీయ లోక్ అదాలత్‌లో మంచి అంకెకి తెగితే డబ్బు త్వరగా చేతికొస్తుంది. కానీ లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని సంతకం పెట్టాక రాడ్డు లోపల వదులై మళ్లీ ఆపరేషన్ అయినా పైసా రాదు. మీ వారి కాలు చివరికి ఎంత మడుస్తుందో ఇంకా ఆయనకే తెలియదు, ఆ స్థితిలో దానికి ధర ఎలా ఒప్పుకుంటారు? వైకల్యం తేలాక, సంపాదన కాగితాలు చేతిలో ఉన్నాక, తొమ్మిదో పదో లక్షలకి వాళ్లు దిగివస్తే కూర్చుని మాట్లాడండి. ‘స్కిడ్’ అన్న ఎంట్రీ వల్ల కేసు ఓడిపోయే అవకాశం కూడా ఉంది కాబట్టి ఆ తగ్గింపు న్యాయమైనదే అంటాను నేను.

ఇక ఏజెంటు. వచ్చిన దానిలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం వకీళ్లకి బార్ కౌన్సిల్ నిబంధనలే నిషేధించాయి. వకీలు కూడా కానివాడు 30 శాతం అడగడానికి ఏ చట్టమూ లేదు. పిటిషన్‌లో 25 లక్షలు అని రాయడం తేలిక, రాసినంత మాత్రాన అది కేసు విలువ కాదు. తక్కువ అడిగామేమోనన్న బెంగ కూడా వద్దు: సాక్ష్యం ఉంటే అడిగిన దానికంటే ఎక్కువ కూడా ట్రిబ్యునల్ ఇవ్వవచ్చని 2002లో నాగప్ప కేసులో తేలింది, పెరిగిన దానికి కోర్టు ఫీజు తేడా కట్టుకుంటే సరి. నేరుగా ఒక వకీలుని కలిసి ఫీజు ఎంతో, ఎప్పుడెప్పుడు ఇవ్వాలో మాట్లాడుకోండి. అది కూడా భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయసాయానికి మీకు అర్హత ఉందేమో అడగండి.

మెడికల్ షాపు బిల్లుల్లో చాలావరకు థర్మల్ కాగితం మీద వచ్చేవే. సాక్ష్యం చెప్పే వేళకి అక్షరాలు మాయమైపోయి తెల్లకాగితాలు మిగులుతాయి. సూర్యారావుపేట షాపుల బిల్లులు కట్టలు కట్టలుగా అలా వెలిసిపోయి వచ్చినవి చూశాను. ఈ వారమే అన్నిటికీ జెరాక్సు తీయించి, ఒరిజినల్‌కి పిన్ చేసి, తేదీల వరుసలో పెట్టండి. అడ్వాన్సు రసీదులు, ఫైనల్ బిల్లు రెండూ ఉండాలి. ఇందులో ఏదైనా ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద అయి ఉంటే ఆ భాగాన్ని మీరు ఖర్చు పెట్టినట్టు చూపకండి.

డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు ఇప్పటికే ఏజెంటు చేతిలో పెట్టి ఉంటే రేపే వెళ్లి తెచ్చుకోండి, తిరిగి తీసుకున్నట్టు సాక్షిగా ఒకరిని వెంటపెట్టుకోండి. ఇవ్వనంటే గొడవ పడకండి. ఆస్పత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. రోగి అడిగితే 72 గంటల్లో మెడికల్ రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళిలోనే ఉంది. అడిగేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే కాదు, క్యాజువాలిటీ పేజీతో సహా కేస్‌షీట్ మొత్తం అడగండి. ఆ పేజీలో ఏం రాసి ఉందో కంపెనీ వకీలు కంటే ముందు మీరు చదవాలి.